కావొచ్చు సారు

పోయిన నెల మా బాత్రూముకు టైల్సు వేయించినం. మేస్త్రి ఒక టైలు కోస్తుంటె అది రెండు ముక్కలైంది. చిన్న ముక్కను బయటికి ఇసిరెయ్యబోతుంటె "ఆగన్నా, అది నాకియ్యి" అన్న. దాన్ని బోర్లేసి, గరుకుగ ఉన్న ఎనుక పక్క మీద బొడ్ల ఉన్న తాళంచెవితోని ఒక గీత గీసిన.

"ఏందక్కా, ఏం రాస్తున్నవు?"

"రాస్తలేనన్నా. గీత ఏ రంగు పడ్తదో చూస్తున్న."

మేస్త్రి నవ్విండు. "అందరు టైలు ముందర పక్క చూస్తరు. ఎనుక పక్క చూసేటోళ్ళను ఇప్పుడే చూస్తున్న."

టైలు ఎనుక పక్క చూసేటాయన ఒకాయన మా ఇంట్ల నాలుగేండ్లు కిరాయికున్నడు. పోయిన వానకాలం దవఖానల కండ్లు మూసిండు. మూడో రోజు ఎల్లారెడ్డి నుంచి ఒక ముసలాయన వచ్చి, చెప్పులు బయట విడిచి, ఆ ముందరి అర్ర గడప కాడ చాలసేపు కూసున్నడు. చెవుల మీద, కనుబొమ్మల మీద తెల్లగ పిండి అంటి ఉన్నది. పొద్దుగాల గిర్ని బంద్ చేసి, మొకం గూడ కడుక్కోకుంట బస్సెక్కినట్టున్నడు. నేను చాయ ఇస్తె తాగిండు, కప్పు కడిగి బోర్లించి పోయిండు.

ఆ ముసలాయన ఎవరో చెప్పాలంటె, కిరాయికున్న మా సారు గురించి చెప్పాలె.

మాది కామారెడ్డిల పాత ఇల్లు. మా ఆయన దుబాయి పోయినంక ముందరి అర్ర ఖాళీగ ఉంటె కిరాయికిచ్చినం. ఇంట్ల నేను, మా అత్త ఇద్దరమే. నేను బీడీలు చేస్త. ఒంట్ల రోగమున్ననాడు తప్ప ఒళ్ళె చేట లేని దినం లేదు నాకు.

సారు దిగిననాడు ఆటోల మూడు ఇనుప పెట్టెలు వచ్చినయి. ఆటో ఆయన ఒకదాన్ని లేపబోయి నడుము పట్టుకున్నడు.

"ఏమున్నయి పెద్దాయనా ఇండ్ల, బంగారమా?"

"రాళ్ళు."

"రాళ్ళు కామారెడ్డిల దొరకయా? గీడిదాంక మోసుకొచ్చినవు?"

మా అత్త గడప కాడ నిలబడి అంత చూస్తనే ఉన్నది. పెట్టెలు లోపలికి పోయినంక మెల్లగ అడిగింది. "అయ్యా, నువ్వు ఏం పని చేస్తుండెటోనివి?"

"సర్కారు నౌకరీ అవ్వా. రాళ్ళకు పేర్లు పెట్టే పని."

"పిల్లలకు పేర్లు పెట్టంగ చూసిన గాని, రాళ్ళకు పెట్టంగ చూడలె," అని లోపలికొచ్చి నాతోని అన్నది. "నెల కిరాయి ముందుగాల్నె తీసుకో. ఈయన తల్కాయ జర సక్కగ లేదు."

నాలుగు దినాలకే తెలిసింది, తల్కాయ మస్తు సక్కగున్నది, నోరే జర వేరు తీరు. ఆ నోట్ల నుంచి అవును అనే మాట రాదు. ఏది అడిగినా కావొచ్చు అంటడు. "సారు, వాన వస్తదా?" "రావొచ్చు." "సారు, ఇయ్యాల బేస్తవారమా?" "కావొచ్చు." ఒకనాడు బెండకాయ కూర పెట్టి పంపిన. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు మా అత్త అడిగింది. "బెండకాయ మంచిగ కుదిరిందా అయ్యా?"

"బెండకాయ కావొచ్చు అనుకున్ననవ్వా. మంచిగున్నది."

"తిన్నంక గూడ కావొచ్చేనా?" అని మా అత్త నోరు తెరిచింది. ఆ దినం సంది మా ఇంట్ల ఆయన పేరు కావొచ్చు సారు. మొదట చాటుకు అనేటోళ్ళం, తర్వాత మొకం మీదనే అన్నం. ఆయన పలికిండు.

పొద్దుగాల లేస్తె అర్ర ముందర ఎండల కూసుంటడు. ఒళ్ళె ఒక టైలు ముక్క, బోర్లేసి. చేతిల ఒక రాయి. మొదలు రాయిని ఒక చేతిల నుంచి ఇంకో చేతిలకు మారుస్తడు, బరువు చూసేతందుకు. తర్వాత ఎండకు తిప్పి మెరుపు చూస్తడు. తర్వాత గోరుతోని గీకుతడు. గోరుకు లొంగకపోతె రాగితీగ, దానికీ లొంగకపోతె చాకు. ఆఖరికి టైలు మీద గీస్తడు. "పై రంగు నమ్మొద్దు బిడ్డా. పై రంగు ఎండకు మారుతది, గాలికి మారుతది. గీత మారది" అంటడు. ఒకనాడు నిగనిగ నల్లగున్న రాయి ఒకటి నా చేతికిచ్చి గీయమన్నడు. టైలు మీద ఎర్రగ, నెత్తురు లెక్క పడ్డది గీత. భయమై చెయ్యి ఇదిలించిన. "ఇనుపరాయి అది. లోపట అసలు రంగు ఎరుపే" అన్నడు. "ఇనుపరాయేనా సారు?" అంటె మాత్రం "కావొచ్చు" అన్నడు.

ఆయనకు చెవులు మస్తు పదును. కుక్కర్ కూతలు ఆయన అర్రల కూసోని లెక్కపెట్టి "బిడ్డా, నాలుగైనయి" అని చెప్పేది. నేను కత్తెరతోని తునికాకు కోస్తుంటె ఆ చప్పుడు విని "ఇయ్యాల ఆకు తడి సరిపోలేదు, పటపట అంటున్నది" అనేది. బీడీలు చేసుడు ఎన్నడు చూసి ఉండడు గాని, చప్పుడుతోనె కనిపెట్టేది.

కండ్లు మాత్రం పోతుండె. రెండు కండ్లల్ల పొర వచ్చింది. ఆపరేషన్ చేస్తె తెల్లారె చూడొచ్చని డాక్టరు చెప్పిండు. సారు "చూద్దాం" అన్నడు. ఏడాది గడిచినా చూద్దామే.

ఆయన పెట్టెలల్ల ఒక రాయి వేరుగ ఉండేది. తక్కినయన్ని కాగితాలల్ల చుట్టి ఉంటె, అది మాత్రం మందు సీసాల డబ్బల, దూది మీద పండి ఉండేది. ఊకె ముట్టనిస్తలేకుండె, ఒక్కసారి మాత్రం నా చేతిల పెట్టిండు. దూరంకెళ్లి చూస్తె బూడిదరంగు వెంట్రుకల కుచ్చు. దగ్గరికి పెట్టుకుంటె పట్టుదారం లెక్క మెరుస్తది. పిడికెడంత లేదు గాని చేతిల పెడితె పావుకిలో తూకం బాటు లెక్క కిందికి గుంజుతది.

"ఏంది సారు ఇది?"

"ఈకరాయి అనేటోళ్ళు పాతకాలంల. ఈకల లెక్క ఉంటది గద. సల్ఫోసాల్టు అనే జాతి. అరుదు."

"సాల్టంటె ఉప్పు గద? నాకితె ఉప్పగుంటదా?"

ఆయన కోపమైంది ఆ నాలుగేండ్లల్ల నేను చూసింది ఒకటో రెండో సార్లు, అండ్ల అదొకటి. "నాకుడు మాట మల్ల అనకు. దీంట్ల సీసం ఉన్నది, కడుపుల పోతె విషం. పేరు ఉప్పు, ఉప్పు కాదు." తర్వాత జర మెత్తబడి నా చేట దిక్కు చూసిండు. "నీ బీడీల ఏమేముంటయి?"

"ఆకు, తంబాకు, దారం."

"ఆకు, దారం ఉండి తంబాకు లేకపోతె?"

"అది బీడీ కాదు సారు."

"గంతే. సీసం, గంధకం రెండే ఉన్న రాయి ఉంటది, దాని జాతి వేరు. ఈ రెండింటి నడుమ మూడోది దూరాలె. అది సుర్మా రాయిల ఉండే అంటిమొని. పూర్తి లోహం కాదు, సగం లోహం. అది గంధకంతోని ఒక జట్టు కట్టి సీసాన్ని పట్టుకుంటది. మూడూ ఉంటెనె ఈ జాతి. అంటిమొని బదులు పాషాణం ఉంటె ఇంకో ఇల్లు. సీసం బదులు వెండి ఉంటె ఇంకో వాడ. ఏది ఎంతున్నదో దాన్ని బట్టి పేరు."

"మరి దీని పేరేంది?"

ఆయన డబ్బ మూత పెట్టిండు. కావొచ్చు గూడ అనలె. "చేతులు కడుక్కో బిడ్డా, సబ్బుతోని, రెండుసార్లు. నీ బీడీ ఎవలో నోట్లె పెట్టుకుంటరు" అన్నడు.

ఇంగ సోమవారాలు. ప్రతి సోమవారం సారు ఇస్త్రీ అంగీ తొడిగి, చేసంచి పట్టుకోని ఎల్లారెడ్డి బస్సెక్కేది. గంటకు పైన పోవుడు, గంటకు పైన వచ్చుడు. పగటీలి రెండు గొట్టేవరకు ఇంట్ల ఉండేది. సంచి ఎట్ల పోయేదో గట్లనె వచ్చేది. మా అత్తకు అది కడుపుల పెట్టుకునుడు కాలె. "ఎల్లారెడ్డిల ఎవరున్నరు అయ్యా?" "తెలిసినాయన ఉన్నడవ్వా." "మంచిగున్నడా?" "ఉండొచ్చు." మా అత్త నా దిక్కు తిరిగి "పోయి చూసొచ్చి గూడ ఉండొచ్చేనట" అన్నది.

మా చెల్లెనిచ్చింది ఎల్లారెడ్డిలనె. ఒక సోమవారం దాని బిడ్డకు జరమొస్తె సారు కంటె ముందు బస్సుల నేను పోయిన. పిల్లను చూసి, మల్ల బస్టాండుకొచ్చి చూస్తె సారు సిమెంటు బల్ల మీద కూసున్నడు. చేతిల చాయ. సంచి మోకాళ్ళ మీద. చాయ తాగిండు. బస్టాండు బయట రోడ్డు దిక్కు, ఆ రోడ్డవతల ఒక పిండి గిర్ని దిక్కు చూసిండు. లేసి నాలుగడుగులు వేసిండు. గేటు దాంక పోయిండు. ఆగి, ఎనుకకు మర్రి, నిలబడ్డ కామారెడ్డి బస్సే ఎక్కి కూసున్నడు. నేను ఆ బస్సు ఎక్కలె. ఎందుకో ఆయనకు కనబడొద్దనిపించి ఎనుక బస్సుల వచ్చిన.

మాపటికి రొట్టెలిచ్చేటప్పుడు నా నోరు ఊకోలె. "ఎల్లారెడ్డి బస్టాండుల చాయ బాగుంటదా సారు?"

ఆయన రొట్టె చేతిల పట్టుకోని గట్లనె ఉన్నడు.

"చూసినవా?"

"చూసిన."

"కూసో బిడ్డా," అన్నడు. నేను గడప కాడ కూసున్న. మా అత్త లోపటి నుంచి టీవీ సప్పుడు తగ్గించింది. ఆయన చెప్పింది ఇది.

సారు రాళ్ళు దాచే సర్కారు అర్రల పెద్ద నౌకరీల ఉన్నప్పుడు, ఆయన కింద ఒకాయన అద్దాల బీరువాలు తుడిచే పని చేస్తుండె. పర్మినెంటు కాదు. సారు కంటె పదేండ్లు చిన్న, ఎల్లారెడ్డి మనిషి. సారు ఆయనను భాయ్ అనేది. చదువు అంతంతే గాని, చేతుల పని మంచిగుండేది. ఆ అర్రకు ఒకసారి ఈ ఈకరాయి వచ్చింది. దానికి రెండు పేర్లల్ల ఏదన్న ఒకటి కావాలె. ఇనుము గూడ కొంచెం ఉంటె జేమ్సొనైటు, లేకపోతె బూలాంజరైటు. చూసేతందుకు రెండూ అక్కచెల్లెండ్లే, రంగు ఒకటే, గోరు లెక్కల గూడ ఒకటే. చేతితోని కనిపెట్టే ఉపాయం ఒకటున్నది. పోగు తీసి వంచాలె. మొదటిది పెళుసు, విరుగుతది. రెండోదాని పోగు వంగుతది. సారు చూసి, విరిగే దాని పేరు చీటీ మీద రాసి, కింద "పేరు పెట్టినవారు" అన్న కాడ తన పేరు రాసి బీరువల పెట్టిండు.

నెల దినాలకు ఒకనాడు చూస్తె, ఆ చీటీ మీద రాయి పేరు పక్కకు పెన్సిలుతోని ఒక చిన్న ప్రశ్న గుర్తు ఉన్నది.

"ఒకరు రాసిన చీటీ మీద ఇంకొకరు రాయకూడదు బిడ్డా. మా పనిల అది పెద్ద తప్పు," అన్నడు సారు. "ఎవరు రాసిండ్రు అని అందరి ముందర అడిగిన. భాయ్ నేనే అన్నడు. ఈ పేరు కాదు సాబ్, ఇది వంగుతున్నది అన్నడు. నాకు మండింది. అందరి ముందరనె ఒక పోగు తీసి వంచిన. టిక్కున విరిగింది. చూసినవా, ఇది నీ పని కాదు, బీరువ తుడుచుడే నీ పని అన్న. తెల్లారి అర్రల నుంచి తీసి గేటు కాడ కావలికి పెట్టించిన. నెల తిరగకముందె పని ఇడిచిపెట్టి ఊరికి పోయిండు. ఆ బస్టాండు ముందరి గిర్ని ఆయనదే."

"మరి విరిగింది గద సారు. తప్పు ఆయనదే గద?"

"కావొచ్చు." రొట్టె కొస తుంచి చేతిలనె పట్టుకున్నడు. "నౌకరీ అయిపోయే ముందర దానికెళ్లి రాలిన ఈ తునకను చెత్తల పారేస్తుంటె తెచ్చుకున్న. అప్పటి సంది ఆ డబ్బల దూది మీదనె ఉన్నది."

"మల్ల వంచి చూడలేదా?"

"లేదు."

"ఇప్పుడు మిషిన్లున్నయి, ఒక్క పూటల చెప్తయి అంటిరి గద మీరే."

"చెప్తయి."

"పంపొచ్చు గద."

"పంపొచ్చు." రొట్టెను గిన్నెల పెట్టిండు. "అది విరిగితె నాకు ఎల్లారెడ్డిల పని లేదు బిడ్డా. వంగితె పోక తప్పదు. పోయి ఏ మొకంతోని నిలబడాలె? అందుకే పోవొచ్చు అనుకునేటంత దగ్గర, ఎదురుపడనంత దూరం చూసుకోని ఈ కామారెడ్డిల అర్ర తీసుకున్న."

ఆపరేషన్ ఎందుకు చేయించుకుంటలేడో గూడ అప్పుడే సమజైంది. కండ్లు వస్తె చూడాలె గద.

పది పదిహేను దినాలు పోయినయి. ఒకనాడు పొద్దుగాల అర్రలకెళ్లి పిలిచిండు. పోతె డబ్బ మూత తీసి ఉన్నది. భూతద్దం పట్టుకోని దూది మీద వంగి చూస్తున్నడు.

"పోగులు కనపడ్తలేవు బిడ్డా. ఒక్క బూడిద ముద్దనే కనపడ్తున్నది. ఇన్నేండ్లు చూడొద్దనుకున్న, ఇప్పుడు చూద్దామంటె కన్ను లేదు." నా చేతుల దిక్కు చూపెట్టిండు. "నీ వేండ్లు ఆకును చినగకుంట చుట్టే వేండ్లు. నువ్వు వంచు."

నేను చేతులు కడుక్కోని, తంబాకు వాసన పోయేదాంక రుద్దుకోని వచ్చిన. సారు బల్ల మీద తెల్ల కాగితం పరిచిండు. బీడీ మూతి మలిచే ఇనుప పుల్ల నేనే తెచ్చుకున్న. సారు మొకం గోడ దిక్కు తిప్పుకున్నడు, సూది మందు ఇచ్చేటప్పుడు పిల్లలు తిప్పుకున్నట్టు.

ముందర కనబడ్డ పోగును పుల్లతోని వేరు చేసి రెండు గోర్ల నడుమ పట్టిన. జర లావుగనె ఉన్నది, చీపురు పుల్ల కొస అంత. మెల్లగ వంచిన. టిక్కున రెండైంది.

సారు గోడ దిక్కే చూస్తున్నడు. నా మనసుల ఏమేం తిరిగినయో చెప్తె మీరు నమ్మరు. విరిగింది సారు అంటె అయిపోయె. తప్పు ఆయనది కాదని తేలె. నిమ్మలంగ అన్నం తిని పంటడు. నాకు మాత్రం ఆ సిమెంటు బల్ల, ఆ నాలుగడుగులు, గేటు కాడ ఆగుడు కండ్ల ముందర ఆడినయి. ఈయనకు నిజం కావాల్నా, ఎల్లారెడ్డి పోవుడు కావాల్నా అనుకున్న. విరిగిన రెండు ముక్కలను చిటికెనవేలి కింద నొక్కిపెట్టి, ఇంకో పోగు కోసం చూసిన. ఈసారి లోపటికెళ్లి, వెంట్రుక అంత సన్నది తీసిన. గోర్ల నడుమ పెట్టి వంచిన. అది మక్కకంకి పీచు లెక్క వంగింది. ఇడిసిపెట్టి చూసిన. వంగింది వంగినట్టే ఉన్నది.

"వంగింది సారు."

"మల్ల లేసిందా?"

"లెవ్వలె. గట్లనె ఉన్నది."

ఆయన మొకం తిప్పలె. జరసేపటికి చెయ్యి సాపిండు. ఆ పోగున్న కాగితం చేతిల పెట్టిన. కనపడదు, అయినా పట్టుకోని కూసున్నడు. "చేతులు కడుక్కో బిడ్డా, రెండుసార్లు" అన్నడు. నేను బాయి కాడికి పోయి ఆ విరిగిన ముక్కలను నీళ్ళల్ల కలిపి పారబోసిన. ఆ వారమంత నాకు బీడీలు కుదురుగ రాలె. అబద్ధం చెప్పలె, సగం నిజం చెప్పిన. సగం నిజం ఏ జాతి కింద రాస్తరో సారునే అడగాలె, అడగలేను.

సోమవారం వచ్చింది. "తోడొస్తవా? మెట్లు కనపడ్తలేవు" అన్నడు. మా అత్త మక్కగింజలు ఒలుచుకుంట "పోవే. పోయి ఆ చాయ ఎంత బాగుంటదో చూసిరా" అన్నది. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ గద, కండక్టరు నాకు సున్నా టికెటు కొట్టిండు. లింగంపేట దాటినంక "సంచిల చీటీలు ఉన్నయా చూడు" అన్నడు. ఉన్నయి. రెండు అట్ట చీటీలు. రెండింటి మీద రాయి రెండో పేరు, బూలాంజరైటు అని, ముందు దినమే నాతోనె పెద్ద అక్షరాలల్ల రాయించిండు. ఒకటి ఆ సర్కారు అర్రకు పంపేది, ఒకటి డబ్బల పెట్టేది. రెండింట్ల "పేరు పెట్టినవారు" అన్న కాడ ఖాళీ.

గేటు కాడ ఆయన కాలు ఆగింది. నేను మోచెయ్యి పట్టి రోడ్డు దాటించిన.

గిర్నిల పట్టా తిరుగుతున్నది, లోపటంత తెల్లటి పొగ లెక్క పిండి. ఒక ముసలాయన గొట్టం కాడ నిలబడి, పడుతున్న పిండిని బొటనవేలు, చూపుడువేలు నడుమ రాస్తున్నడు. "బరక పడ్తున్నది" అని తనలో తనే అనుకోని ఒక చక్రం బిగించిండు. మల్ల రాసిండు. అప్పుడు మమ్ముల చూసిండు. సారును ఆనవాలు పట్టేతందుకు రెండు క్షణాలు గూడ పట్టలె. మోటరు బంద్ చేసిండు. గిరాకీలు ఇద్దరు మేమెవరమో అని మా దిక్కు చూసిండ్రు.

"కూసోండి సాబ్," అని గోనెసంచి దులిపిండు.

సారు కూసోలె. సంచిల చెయ్యి పెట్టి డబ్బ తీసి ఇచ్చిండు. "భాయ్, ఇది వంగింది" అన్నడు.

ఆయన డబ్బ మూత తీసి చూసి, మూత పెట్టిండు. "వంగుతది సాబ్. సన్నయి వంగుతయి, లావుయి విరుగుతయి. నేను బ్రష్షుతోని దుమ్ము దులుపుతుంటె, బ్రష్షు తగిలిన కాడ సన్నటి పోగులు ఒక్కటి రాలకుంట పక్కకు పండినయి. అప్పుడు చూసిన. మీరు ఆ రోజు పైనున్న లావు పోగు పట్టిండ్రు."

అంటె, నా చేతిల విరిగింది, వంగింది రెండూ ఆ రాయి గుణాలే.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నడు సారు.

"మీరు అడగలె సాబ్."

పట్టా నిమ్మలంగ ఆగుతున్నది.

"అవును," అన్నడు సారు. "ఏ పోగు వంచినవని నిన్ను అడగలె. పేరు తప్పు రాసుడు ఎవరైన రాస్తరు. అడగకుండ గేటు కాడికి పంపుడు నేనొక్కణ్ణే చేసిన. అవును భాయ్."

ఆయన నోట అవును వినుడు నాకు అదే మొదలు. రెండుసార్లు అన్నడు.

భాయ్ గోనెసంచి మల్ల దులిపిండు, అది ఇంతకుముందే దులిపినా. "ఆ గేటు కాడ ఉన్న నెల దినాలు మస్తు బాధైంది సాబ్. అబద్ధం ఎందుకు చెప్పాలె. ఊరికొచ్చినంక గూడ రెండు మూడేండ్లు మీ మీద కోపమే ఉండె. తర్వాత గిర్ని పెట్టిన. ఇండ్ల చేతికి తెల్వంది ఏం లేదు. ఇగ కూసోండి."

సారు అప్పుడు కూసున్నడు. చీటీలు తీసి, ఖాళీ కాడ పేరు రాయమన్నడు. భాయ్ వద్దన్నడు, నవ్విండు, చేతులు లుంగీకి తుడుచుకున్నడు, అయినా పిండి పోలె. ఉర్దూల ఒకసారి, తెలుగుల ఒకసారి రాసిండు. చీటీ మీద బొటనవేలి ముద్ర తెల్లగ పడ్డది. ఊదబోతె సారు చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఇంట్ల గూడ గిట్లనె చీటీలు రాపిస్తడా అమ్మా?" అని నన్ను అడిగిండు భాయ్.

"మా ఇంట్ల బెండకాయ కూర గూడ కావొచ్చే భాయ్" అన్న. ఆయన ఎంత నవ్విండంటె కనుబొమ్మల మీది పిండి రాలింది. సారు గూడ నవ్విండు. తర్వాత చాయ వచ్చింది, రోడ్డవతలి బస్టాండు హోటల్ నుంచే.

వచ్చేటప్పుడు భాయ్ జొన్నపిండి సంచి ఒకటి పట్టించిండు. ఆ దినం సంది ప్రతి సోమవారం ఒక సంచి వచ్చేది. మాకు జొన్నరొట్టె మొకం మొత్తింది గాని సోమవారం ఆగలె. ఆ నెలలనె సారు కండ్ల ఆపరేషన్ గూడ చేయించుకున్నడు. ఇప్పుడు ఆయన పెట్టెలన్ని ఒక కాలేజీల ఉన్నయట. ఆ డబ్బల చీటీ మీద ముద్ర ఉన్నదో పోయిందో నాకు తెల్వదు.

ఆ మొదటి సోమవారం బస్సు ముచ్చట ఒకటి మిగిలింది. తిరిగొచ్చేటప్పుడు లింగంపేట దాటినంక, సారు కండ్లు మూసుకోనే అన్నడు. "మొదటిది విరిగిన సప్పుడు నాకు వినబడ్డది బిడ్డా."

"మరి అడగకపోతిరి."

"అడిగితె నువ్వు అక్కడనె ఆగేదానివి. ఆ రోజు భాయ్ ముందర నేను ఒక్కదానికే ఆగిన. ఈసారి రెండోది తీస్తవేమో చూద్దామని గోడ దిక్కు కూసున్న."

ఆయన పిండిసంచిని తన ఒళ్ళెకెళ్లి తీసి నా చేతులల్ల పెట్టిండు.

"ఎంతుంటది చెప్పు."

ఒక చేతిల నుంచి ఇంకో చేతిలకు మార్చి చూసిన. ఆయన నేర్పినట్టే.

"మూడు కిలోలు కావొచ్చు సారు," అన్న.